పాత బేస్‌బాల్ కార్డు ఎంత అరుదైనదో అంచనా వేయడం ఎలా?

2022 ఆగస్టులో ప్రసిద్ధ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మతో 1952లో టాప్స్ సంస్థ అచ్చువేసిన కార్డు ఒకటి అమెరికాలో జరిగిన వేలంలో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అంత ధర పలికింది కాబట్టి అది అత్యంత అరుదైన కార్డే అయి ఉంటుందని కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు సహజంగానే అనుకుంటారు. వాస్తవానికి ఆ సెట్టు (ఆ ఏడు టాప్స్ తెచ్చిన కార్డుల వరుస) చివరి విడతలోని చాలా కార్డులకన్నా మాంటిల్ కార్డు ఎక్కువ సంఖ్యలో అచ్చయింది. కార్డుల స్థితిని పరిశీలించి గ్రేడు వేసే సంస్థల్లో ఒక్క పీఎస్‌ఏయే వెయ్యికి పైగా ప్రతులకు గ్రేడు ఇచ్చింది. మరోవైపు 1909-11 నాటి టీ206 అనే పొగాకు కార్డుల సెట్టులో జో డాయిల్ అనే పిచర్ (బంతి విసిరే ఆటగాడు) కార్డు ఒకటి మొదట లీగ్ పేరు తప్పుగా అచ్చయింది, త్వరలోనే ఆ తప్పును సరిదిద్దారు. తప్పుతో ఉన్న ప్రతులు ఇప్పటివరకు చాలా కొద్దిగానే బయటపడ్డాయి. అయినా ధరలో ఆ కార్డు మాంటిల్ కార్డు దరిదాపులకు రాదు.

కాబట్టి ధరను చూసి అరుదుతనాన్ని నిర్ణయించడం సరైన పద్ధతి కాదు. ఒక కార్డు దేనితో పోల్చినప్పుడు అరుదు, ఏ స్థితిలో అరుదు, దాన్ని కోరుకునేవారు ఎంతమంది ఉండగా అరుదు అన్న మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు వెతకాలి. అమెరికాలో ఉంటూ పిల్లలతో కలిసి ఈ సేకరణలోకి అడుగుపెడుతున్న తెలుగువారిని ముఖ్యంగా దృష్టిలో పెట్టుకుని, ఆ వెతుకులాటను ఏ క్రమంలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఒక నోటు పుస్తకం లేదా స్ప్రెడ్‌షీటు దగ్గర పెట్టుకోండి. ప్రతి అడుగులోనూ రాసుకోవలసినవి ఉంటాయి.

మొదట కార్డును సరిగ్గా గుర్తించండి

ఏ సెట్టు, ఏ సంవత్సరం, ఏ నంబరు, వెనుక వైపు ఏమి అచ్చై ఉంది అన్న నాలుగు వివరాలు తేలనిదే ముందుకు వెళ్లకండి. పాత కార్డులలో చాలావాటిపై సంవత్సరం ఉండదు, కొన్నింటిపై సెట్టు పేరు కూడా ఉండదు. ఈ చిక్కును తీర్చడానికి జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త 1939 నుంచి కార్డుల జాబితాలు ప్రచురించాడు. తన సేకరణనంతా తరువాత న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆయన పెట్టిన అక్షరాలనే నేటికీ అందరూ వాడుతున్నారు. ఎన్ అంటే పంతొమ్మిదో శతాబ్దపు పొగాకు కార్డులు, టీ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులు, ఈ అంటే తొలినాటి మిఠాయి కార్డులు, ఆర్ అంటే 1930ల నుంచి వచ్చిన బబుల్‌గమ్ కార్డులు. టీ206, ఈ98 వంటి పేర్లు ఇలా వచ్చినవే.

తరువాత స్కేలు తీసుకుని కొలవండి. టీ206 కార్డు సుమారుగా 1 7/16 అంగుళాల వెడల్పు, 2 5/8 అంగుళాల పొడవు ఉంటుంది. 1952 టాప్స్ కార్డు 2 5/8 అంగుళాల వెడల్పు, 3 3/4 అంగుళాల పొడవు ఉంటుంది. టాప్స్ సంస్థే 1983లో ఆ సెట్టును తిరిగి అచ్చువేసినప్పుడు పరిమాణాన్ని 2 1/2, 3 1/2 అంగుళాలకు తగ్గించింది కాబట్టి, ఇంట్లో దొరికిన "1952 మాంటిల్" చిన్నదిగా ఉంటే అది పునర్ముద్రణేనని వెంటనే తెలిసిపోతుంది. కొలత సరిపోయినా అంతటితో ఆగకండి. అతినీలలోహిత దీపం కింద కాగితం నీలి తెలుపులో గట్టిగా మెరిస్తే, అందులో రెండో ప్రపంచ యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చిన తెలుపు పెంచే రసాయనాలు ఉన్నాయని అర్థం. 1909 నాటి కార్డులో అవి ఉండే అవకాశం లేదు. కొలత మరీ తక్కువగా ఉంటే ఎవరో అంచులు కత్తిరించి ఉండవచ్చని కూడా అనుమానించాలి.

వెనుక వైపును నిర్లక్ష్యం చేయకండి, ముఖ్యంగా టీ206 విషయంలో. అమెరికన్ టొబాకో కంపెనీ తన 16 బ్రాండ్ల సిగరెట్లు, పొగాకు పొట్లాలలో ఈ కార్డులను పెట్టింది. వెనుక ఆ బ్రాండు ప్రకటన ఉంటుంది. పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ వెనుకలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. డ్రమ్, ఉజిట్, లెనాక్స్, బ్రాడ్ లీఫ్ వెనుకలు చాలా తక్కువ. అంటే ముందు వైపు ఒకే ఆటగాడు, ఒకే బొమ్మ ఉన్న రెండు కార్డులలో ఒకటి సాధారణమైనది, మరొకటి ఏళ్ల తరబడి వెతికినా కనబడనిది కావచ్చు. పైగా ప్రతి బొమ్మా ప్రతి వెనుకతోనూ రాలేదు. ఏ బొమ్మ ఏ విడతలో అచ్చయిందో, ఆ విడత నడిచిన కాలంలో ఏ బ్రాండ్లు కార్డులు పెట్టాయో చూస్తేనే ఏ జోడీ సాధ్యమో తెలుస్తుంది. సాధ్యమైన జోడీల చెక్‌లిస్టులను సేకర్తలు ఎంతో ఓపికగా తయారుచేసి పెట్టారు. మీ కార్డును ఆ జాబితాతో పోల్చి చూడండి.

అది జనం చేతికి ఎలా వచ్చిందో తెలుసుకోండి

అచ్చయిన సంఖ్యలు కంపెనీల దగ్గర సాధారణంగా మిగలలేదు. అందుకని పంపిణీ జరిగిన తీరును బట్టి అంచనా కట్టవలసి ఉంటుంది. దేశమంతటా అమ్ముడైన బబుల్‌గమ్‌తో వచ్చిందా, ఒక నగరంలోని మాంసం కంపెనీ పొట్లంలో వచ్చిందా అన్నది పెద్ద తేడా తెస్తుంది. 1954లో విల్సన్ ఫ్రాంక్స్ సంస్థ సాసేజ్ ప్యాకెట్లతో ఇచ్చిన 20 కార్డుల సెట్టును తీసుకోండి. అవి తక్కువగా వచ్చాయి, వచ్చిన వాటిలోనూ చాలావాటికి మాంసపు కొవ్వు మరకలంటాయి. అందువల్ల ఆ సెట్టులో శుభ్రమైన కార్డు దొరకడం మరింత కష్టం.

క్రాకర్ జాక్ కార్డులు పంపిణీ ప్రభావాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. 1914లో 144 కార్డుల సెట్టు, 1915లో 176 కార్డుల సెట్టు వచ్చాయి. చాలా బొమ్మలు రెండింటిలోనూ ఒకటే. 1914లో కార్డు పొందాలంటే మిఠాయి డబ్బా కొనడమొక్కటే మార్గం కాబట్టి కార్డులకు పాకం అంటుకుని మరకలు పడ్డాయి. 1915లో కూపన్లు పంపి సెట్టు మొత్తాన్ని తపాలాలో తెప్పించుకునే వీలు కల్పించారు. ఆ కార్డులు డబ్బా ముఖం చూడకుండానే ఇళ్లకు చేరాయి. అందుకే 1915 కార్డులు మంచి స్థితిలో తరచుగా కనిపిస్తాయి, 1914వి అలా కనిపించవు. రెండింటినీ వేరుచేయడానికి ఒక సులువైన గుర్తు ఉంది. కార్డును పక్కకు తిప్పకుండా కింది నుంచి పైకి మడిచినట్టు తిప్పినప్పుడు వెనుక రాత నేరుగా కనిపిస్తే అది 1915ది, ఎందుకంటే ఆ ఏడు వెనుక వైపును తలకిందులుగా అచ్చువేశారు.

కావాలని ఆపేసిన కార్డుల కథ వేరు. 1933 గౌడీ సెట్టులో 106వ నంబరు కార్డును ఆ సంవత్సరం అసలు విడుదలే చేయలేదు. పిల్లలు ఆ ఒక్క నంబరు కోసం గమ్ కొంటూనే ఉంటారన్నది సంస్థ లెక్క అని చెబుతారు. ఫిర్యాదు చేస్తూ ఉత్తరాలు రాసినవారికి 1934లో న్యాప్ లాజవే బొమ్మతో ఆ కార్డును తపాలాలో పంపారు. 1954 బోమన్ సెట్టులో 66వ నంబరుగా వచ్చిన టెడ్ విలియమ్స్ కార్డును ఒప్పందం చిక్కుల వల్ల వెనక్కి తీసుకుని, అదే నంబరుతో జిమ్మీ పియర్సాల్ కార్డును ఇచ్చారు. టీ206లోని హోనస్ వాగ్నర్ కార్డు ఇటువంటివాటిలో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది. తన బొమ్మ వాడకానికి ఆయన అభ్యంతరం చెప్పడంతో దాన్ని ఆపేశారు. ఆ అభ్యంతరానికి కారణం పొగాకా, పారితోషికమా అన్నది నేటికీ వాదనల్లోనే ఉంది. ఫలితంగా 50 నుంచి 60 ప్రతులు మాత్రమే ఉన్నట్టు సేకర్తల అంచనా.

మీ కార్డుకు ఇటువంటి చరిత్ర ఉందా లేదా అన్నది ఒక్క వాక్యంలో రాసుకుని తరువాతి అడుగుకు వెళ్లండి.

విడతను, ముద్రణ షీటును లెక్కలోకి తీసుకోండి

1973 వరకు టాప్స్ తన సెట్టును వేసవి పొడవునా విడతలు విడతలుగా విడుదల చేసేది. 1974 నుంచి మొత్తం 660 కార్డులనూ ఒకేసారి విడుదల చేసింది. విడతల కాలంలో సెప్టెంబరు వచ్చేసరికి పిల్లల ధ్యాస ఫుట్‌బాల్ మీదికి మళ్లేది, దుకాణదారులు చివరి విడతకు తక్కువ ఆర్డరు పెట్టేవారు. అందువల్ల చివరి నంబర్లు, అంటే సేకర్తలు హై నంబర్లు అని పిలిచేవి, ఎక్కువ సెట్లలో తక్కువగా మిగిలాయి. 1966లో 523 నుంచి 598 వరకు, 1967లో 534 నుంచి 609 వరకు ఉన్న నంబర్లు అటువంటివి. టామ్ సీవర్ తొలి కార్డు 1967 సెట్టులో 581వ నంబరు. ఆ కార్డు విలువలో ఆటగాడి ఖ్యాతితో పాటు ఆ విడత కొరత కూడా కలిసి ఉంది.

1952 సెట్టులో 311 నుంచి 407 వరకు ఉన్న 97 కార్డులు సీజను చివర్లో వచ్చి అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన పెట్టెలను 1960లో బార్జి మీద తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పడవేయించానని టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. అయితే ఈ విడతలో కూడా అన్ని కార్డులూ సమానం కావు. కార్డులను పెద్ద షీటు మీద అచ్చువేసి కత్తిరించేవారు. షీటుకు 100 స్థానాలు, కార్డులు 97. ఖాళీగా మిగిలిన మూడు స్థానాలను నింపడానికి 311 మాంటిల్, 312 జాకీ రాబిన్సన్, 313 బాబీ థామ్సన్ కార్డులను రెండేసి సార్లు అచ్చువేశారు. ఇటువంటివాటిని డబుల్ ప్రింట్లు అంటారు. షీటులో తక్కిన వాటికన్నా తక్కువసార్లు చోటు దక్కినవి షార్ట్ ప్రింట్లు. 1948 నాటి లీఫ్ సెట్టులో 98 కార్డులుంటే వాటిలో సరిగ్గా సగం, అంటే 49 షార్ట్ ప్రింట్లే. సాచెల్ పేజ్ కార్డు వాటిలో ఒకటి.

"చివరి నంబర్లు అరుదు" అన్న సూత్రాన్ని కళ్లు మూసుకుని నమ్మకండి. 1957 టాప్స్‌లో కొరత ఉన్నది చివరి విడతలో కాదు, 265 నుంచి 352 వరకు ఉన్న నాలుగో విడతలో. ప్రతి సెట్టునూ విడిగా చూడవలసిందే.

ఎంత మిగిలింది, ఏ స్థితిలో మిగిలింది

అచ్చయినవన్నీ మిగలవు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పాత కాగితం పోగుచేసే ఉద్యమాల్లో అంతకు ముందరి కార్డులు ఎన్నో పోయాయి. పిల్లలు కార్డులను పుస్తకాల్లో జిగురుతో అంటించారు, సైకిల్ చక్రాల కమ్మీలకు తగిలించారు, నంబరు వారీగా పేర్చి రబ్బరు బ్యాండు బిగించారు. ఈ చివరి అలవాటు వల్ల కట్టలో మొదటి కార్డు, ఆఖరి కార్డు ఎక్కువగా దెబ్బతిన్నాయి. 1952 సెట్టులో మొదటి నంబరైన ఆండీ పాఫ్కో, చివరి నంబరైన ఎడ్డీ మాథ్యూస్ కార్డులు మంచి స్థితిలో దొరకడం అందుకే అంత కష్టం. పాఫ్కో కార్డు మామూలు స్థితిలో దొరకని వస్తువేమీ కాదు. పదునైన మూలలతో, నడుమ సరిగ్గా కూర్చున్న బొమ్మతో మాత్రం దాదాపు దొరకదు.

సెట్టు రూపకల్పన కూడా స్థితిని నిర్ణయిస్తుంది. 1971 టాప్స్ కార్డుల నల్లని అంచుల మీద చిన్న గీత పడినా తెల్లగా బయటపడుతుంది. తెల్ల అంచుల సెట్టులో కనబడని అరుగుదల అక్కడ గ్రేడును పడగొడుతుంది. కాబట్టి మీ పుస్తకంలో అరుదుతనానికి రెండు గడులు పెట్టుకోండి: ఏ స్థితిలోనైనా దొరకడం ఎంత కష్టం అన్నది ఒకటి, పై గ్రేడులో దొరకడం ఎంత కష్టం అన్నది రెండోది. అమ్మకందారులు ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటారు. మీరు కలపకండి.

పాపులేషన్ రిపోర్టును జాగ్రత్తగా చదవండి

పీఎస్‌ఏ 1991లో, ఎస్‌జీసీ ఆ తరువాత గ్రేడింగ్ మొదలుపెట్టాయి. తాము ఏ కార్డుకు ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చామో తెలిపే పట్టికను ఇవి ప్రకటిస్తాయి. దాన్నే పాపులేషన్ రిపోర్టు అంటారు. మన దగ్గరున్న ఆధారాల్లో ఇది చాలా విలువైనది, అపార్థానికి ఎక్కువ తావిచ్చేది కూడా ఇదే.

ఆ పట్టికలోని సంఖ్య ప్రపంచంలో ఉన్న కార్డుల సంఖ్య కాదు, గ్రేడింగ్‌కు వచ్చిన కార్డుల సంఖ్య. ఖరీదైన కార్డును దాదాపు ప్రతి యజమానీ గ్రేడింగ్‌కు పంపుతాడు. గ్రేడింగ్ రుసుము కన్నా తక్కువ విలువ చేసే సాధారణ ఆటగాడి కార్డును ఎవరూ పంపరు. అందుకని మాంటిల్ పక్కన వెయ్యికి పైగా, అదే విడతలోని అనామక ఆటగాడి పక్కన వందలు కనిపిస్తే, అనామకుడి కార్డు అన్ని రెట్లు అరుదని లెక్క కట్టకూడదు.

సరైన పోలిక ఇలా చేయండి. మీ కార్డు ఉన్న విడతలోనే పెద్దగా పేరులేని నలుగురైదుగురు ఆటగాళ్లను ఎంచుకుని, వారి కార్డుల మొత్తం సంఖ్యలను రాసుకోండి. తరువాత అదే సెట్టులోని వేరే విడతల నుంచి అటువంటి ఆటగాళ్లనే ఎంచుకుని వారి సంఖ్యలూ రాయండి. పంపేవారి ఆసక్తి ఇంచుమించు సమానంగా ఉన్న కార్డులు కాబట్టి, ఈ రెండు గుంపుల మధ్య తేడా నిజమైన కొరతకు దగ్గరగా ఉంటుంది. మీ కార్డు ప్రముఖ ఆటగాడిదైతే, అదే స్థాయి ప్రముఖులతోనే పోల్చండి. ఒక్క షార్ట్ ప్రింటును పట్టుకోవాలంటే దాని ముందు, వెనుక నంబర్ల సంఖ్యలను చూడటం మంచి మార్గం. ఇరుగుపొరుగు కార్డులన్నీ ఒకే మోస్తరుగా ఉండి ఇదొక్కటే బాగా తగ్గితే షీటులో ఏదో జరిగి ఉంటుంది.

ఆ సంఖ్యలు కొంత ఉబ్బి కూడా ఉంటాయి. పై గ్రేడు వస్తుందన్న ఆశతో కొందరు అదే కార్డును సంస్థ బిగించి ఇచ్చిన ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపుతారు, పాత లేబులును సంస్థకు తిప్పి పంపరు. అప్పుడు ఒకే కార్డు పట్టికలో రెండు మూడుసార్లు లెక్కకు వస్తుంది. గ్రేడు విలువ పెరిగేకొద్దీ ఈ ఉబ్బు ఎక్కువ. ఇక గ్రేడే తుది మాట అనుకోకండి. పీఎస్‌ఏ మొట్టమొదట గ్రేడు చేసిన కార్డు ఒక వాగ్నర్. దానికి పదికి 8 ఇచ్చారు. ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని వేలందారు బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో నేరం అంగీకరిస్తూ ఒప్పుకున్నాడు.

వేలాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి

పెద్ద వేలం సంస్థలు పాత అమ్మకాల చిత్రాలను, ధరలను తమ సైట్లలో ఉంచుతాయి. గత పదేళ్లలో మీ కార్డు వచ్చిన ప్రతి సందర్భాన్నీ తేదీ, గ్రేడు, లేబుల్ మీది నంబరుతో సహా రాసుకోండి. తరువాత చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చండి. బొమ్మ ఎటువైపు ఒరిగింది, మరక ఎక్కడుంది, ఏ మూల నలిగింది అన్న గుర్తులు వేలిముద్రల వంటివి. లేబుల్ మారినా అవి మారవు. పన్నెండు అమ్మకాలు జరిగినట్టు కనిపించినా, జాగ్రత్తగా చూస్తే అవి చేతులు మారిన నాలుగు కార్డులేనని తేలవచ్చు. నిజంగా అరుదైన కార్డుల విషయంలో ఈ పని ఇచ్చే జవాబు పాపులేషన్ రిపోర్టు కన్నా నమ్మదగినది. ఇందుకు ఓపిక కావాలి, కానీ ఇంతకన్నా తృప్తినిచ్చే పని ఈ సేకరణలో మరొకటి లేదని నా అభిప్రాయం.

చవకైన కార్డులకు వేలాల లెక్క పనికిరాదు, ఎందుకంటే అవి వేలాలకు రావు. వాటికోసం ప్రదర్శనల్లో అమ్మకందారుల బల్లల మీద పెట్టెలు తిరగేయాలి. 1980లో మొదలై దాదాపు ఏటా జరుగుతున్న నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్ ఇందుకు మంచి చోటు. మీకు కావలసిన నంబర్ల చీటీ తీసుకెళ్లి, ఏవి సులువుగా దొరికాయి, ఏవి ఒక్క బల్ల మీదా కనబడలేదు అన్నది గుర్తు పెట్టుకోండి.

గిరాకీని విడిగా కొలవండి

పంతొమ్మిదో శతాబ్దపు ఓల్డ్ జడ్జ్ కార్డులు, అంటే ఎన్172, ఈ అడుగు ఎందుకు అవసరమో చక్కగా చూపిస్తాయి. అందులో 500కు పైగా ఆటగాళ్లు, వారి భంగిమలు 2,000కు పైగా ఉన్నాయి. ఒక్కో భంగిమకు మిగిలిన ప్రతులు ఎన్నోసార్లు చాలా తక్కువ. అయినా అనామక ఆటగాళ్ల కార్డుల ధరలు వాటి అరుదుతనంతో పోలిస్తే నిరాడంబరంగానే ఉంటాయి. అంత పెద్ద సెట్టును పూర్తి చేయాలని పూనుకునేవారు ఎవరూ ఉండరు. చాలామందికి ఆ రకం కార్డు ఒకటి ఉంటే చాలు, ఏ భంగిమ అయినా ఫరవాలేదు. దీనికి భిన్నంగా 1952 టాప్స్ సెట్టును పూర్తి చేయాలని ప్రయత్నించేవారు వేలల్లో ఉంటారు, వారిలో ప్రతి ఒక్కరికీ 311వ నంబరు కావాలి. సెట్టు కట్టనివారు కూడా మాంటిల్ కోసమే దాన్ని కోరుకుంటారు.

కాబట్టి మీ కార్డును ఎవరు కోరుకుంటారో రాసుకోండి: సెట్టు పూర్తి చేసేవారా, ఒక ఆటగాడి కార్డులన్నీ పోగుచేసేవారా, ఒక జట్టు అభిమానులా, రకానికి ఒకటి చాలనుకునేవారా, అరుదైన వెనుకల కోసం వెతికేవారా. ఈ గుంపుల్లో ఎన్నింటికి మీ కార్డు తప్పనిసరి అన్నదాన్ని బట్టి గిరాకీ తెలుస్తుంది. తక్కువ గిరాకీ ఉన్న అరుదైన కార్డు కొనడం ఓపికగల సేకర్తకు మంచి అవకాశం. దాన్ని త్వరగా అమ్ముకుందామనుకునేవారికి మాత్రం తగదు.

లెక్కకు తేదీ వేయండి

మీరు రాసుకున్న ప్రతి సంఖ్య పక్కన చూసిన తేదీ ఉండాలి, ఎందుకంటే ఈ లెక్కలు ఒక్క రోజులో తారుమారు కావచ్చు. 2012లో ఒహాయో రాష్ట్రంలోని డిఫయన్స్ పట్టణంలో ఒక ఇంటి అటకమీద అట్టపెట్టెలో 1910 ప్రాంతపు ఈ98 కార్డులు సుమారు 700 బయటపడ్డాయి. శతాబ్దం పాటు ఎవరి చేయీ తగలకపోవడంతో చాలావాటి మూలలు కొత్తవాటిలా ఉన్నాయి. అప్పటివరకు ఈ98లో పై గ్రేడు కార్డులు దాదాపు లేవనే అందరూ అనుకునేవారు. కొద్ది నెలల్లో ఆ పట్టిక పూర్తిగా మారిపోయింది. 1980ల నడుమ అలన్ రోజెన్ అనే వ్యాపారికి ఒక ఇంట్లో 1952 టాప్స్ హై నంబర్లు పెద్ద మొత్తంలో తాజా స్థితిలో దొరికాయి. 2022లో రికార్డు ధర పలికిన మాంటిల్ అందులోదే. ఖరీదైన కార్డు కొనే ముందు రోజు పాపులేషన్ రిపోర్టును మరోసారి తెరిచి, మీ పుస్తకంలోని పాత సంఖ్యతో పోల్చండి. పై గ్రేడు సంఖ్య ఒక్కసారిగా పెరిగి ఉంటే, ఆ కార్డులు ఎక్కడినుంచి వచ్చాయో, ఇంకా ఎన్ని రావలసి ఉన్నాయో తేలేదాకా కొనుగోలు వాయిదా వేయండి.